హాస్టల్‌కి ముసలిదాన్ని, లాడ్జికి ఒంటరిదాన్ని

నిన్న రాత్రే అనంతపురం చేరాను. ఇవాళే రాసేస్తున్నా. కోపం చల్లారాక రాస్తే మర్యాద అడ్డొచ్చి సగం మింగేస్తాను. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, వయసు 51. హంపి, బెంగళూరు, మైసూరు ఒక్కదాన్నే బస్సుల్లో తిరిగి, హాస్టళ్లలో డార్మిటరీ మంచాల మీద పడుకుని రావాలని బయల్దేరాను. హాస్టల్ అంటే చదువుకునే పిల్లలది కాదు, ఒకే గదిలో చాలామందికి తలా ఒక మంచం అద్దెకిచ్చే యాత్రికుల బస. "ఒక్కదానివే యాడికి పోతావు వదినా" అని మా ఆడపడుచు రాగం తీసింది. మగతోడు లేకపోతే దారి తప్పుతానని ఆమె భయం. ఆమె భర్తకి మాత్రం మా ఊళ్లోనే దారి తెలీదు.

బస్సుల గురించి చెప్పేదేం లేదు. అనంతపురం నుంచి బళ్లారి, అక్కణ్ణుంచి హొసపేట, అక్కడ దిగితే హంపి 13 కిలోమీటర్లు, లోకల్ బస్సులుంటాయి. కర్ణాటకలో ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి బస్సు ఉచితం కదా అని ఆశపడకండి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో కర్ణాటక అడ్రసు ఉండాల్సిందే. నా కార్డు చూసి కండక్టరు నవ్వి "ఆంధ్రనా అక్కా? దుడ్డు కొడి" అన్నాడు, అంటే డబ్బులివ్వండి అని. ఇచ్చాను. మన ఆంధ్ర ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కూడా రాష్ట్రం దాటితే పనిచెయ్యదు కాబట్టి అతన్ని తప్పుపట్టలేను.

హంపిలో కమలాపురం వైపు హాస్టల్‌లో కింది మంచం దొరికింది, ఎవరూ వయసు అడగలేదు. సామాను పెట్టుకునే లాకరుకి తాళం మాత్రం మనదే తీసుకుపోవాలి, వాళ్ల దగ్గర కొంటే దోపిడీ. విఠ్ఠలాలయం టికెట్టు 40 రూపాయలు. పారెయ్యొద్దు, అదే రోజు లోటస్ మహల్ ఉన్న జనానా ఆవరణకూ అది చెల్లుతుంది. రాతిరథం దగ్గర, దాని బొమ్మ ఉన్న యాభై రూపాయల నోటు పట్టుకుని ఫొటో దిగేవాళ్ల క్యూ చూస్తే మాత్రం ఓపిక నశిస్తుంది.

ఇక బెంగళూరు.

రాత్రి స్లీపర్ ఎక్కితే తెల్లారేసరికి ఊరి నడుమ మెజెస్టిక్ బస్టాండులో దింపాడు. సిటీ బస్సు పట్టుకుని కోరమంగలలో హాస్టల్‌కి పోయాను. పేరు రాయను. ఆడవాళ్ల డార్మ్, యాప్‌లో డబ్బు ముందే కట్టేశాను. కౌంటర్లో కుర్రాడు, మా పదో తరగతి పిల్లల కంటే ఓ నాలుగేళ్లు పెద్దవాడేమో, "చెక్-ఇన్ ఒంటిగంటకి ఆంటీ, అప్పటిదాకా కామన్ రూమ్‌లో కూర్చోండి" అన్నాడు. స్నానానికి విడిగా డబ్బు అడిగితే అదీ ఇచ్చాను. నేల మీద పరిచిన గింజల సంచిలాంటి సీటు ఒకటుంది. అందులో కూర్చుంటే లేవడం నా తరం కాదని బ్యాగు మీదే కూర్చున్నాను. ఎదురుగా గోడంతా ప్రపంచపటం. దాని కింద ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో, ఇక్కడ అందరూ స్నేహితులే అని రాసి ఉంది.

ఒంటిగంటకి ఆధార్ ఇచ్చాను. వాడు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. పుట్టినతేదీ మీద వేలు పెట్టి "డార్మ్‌లో 40 దాటినవాళ్లకి ఇవ్వం ఆంటీ" అన్నాడు. పొద్దున్నించీ నా మొహం కళ్లెదుటే ఉంది కదా నాయనా, అప్పుడు చెప్పలేకపోయావా అంటే, "కార్డు చూడనిదే ఎలా చెప్తాం" అన్నాడు. ఆంటీ అని పిలవడానికి కార్డు అక్కర్లేదు, మంచం ఇవ్వడానికి కావాలట!

యాప్‌లో ఎక్కడుందో చూపించమన్నాను. హౌస్ రూల్స్, కింద "మరిన్ని", అది నొక్కితే మందు తాగొద్దు, కుక్కల్ని తేవొద్దు అన్నవాటి తర్వాత వయసు. డబ్బు కట్టే పేజీలో ఆ ముక్క లేదు. పుట్టినతేదీ అడగని యాప్ డబ్బు మాత్రం ఎట్లా తీసుకుంది? మేనేజరుకి ఫోన్ కలిపారు. ఆయన స్పీకర్లో, హాలంతా వినపడేట్టు, "పెద్దవాళ్లుంటే మిగతా గెస్టులు ఫ్రీగా ఉండలేరు మేడమ్" అన్నాడు. కాఫీ తాగుతున్న అమ్మాయిలు ఫోన్లలోకి తలలు దించేసుకున్నారు. తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్యే బతుకుతున్న మనిషిని నేను. నా వల్ల పిల్లలు ఇబ్బంది పడతారని ఓ మొహం తెలీని మనిషి తేల్చేశాడు. విడిగా గది ఉంది, మూడింతలు కట్టండి అన్నారు. కట్టలేక కాదు, ఆ మాట తర్వాత ఒక్క రూపాయి కూడా ఇవ్వబుద్ధి కాలేదు. రీఫండ్ యాప్‌ని అడగమన్నారు. యాప్‌వాళ్లు హాస్టల్‌ని అడగమన్నారు.

మళ్లీ మెజెస్టిక్‌. గాంధీనగర్‌లో లాడ్జి చూద్దామని పోతే, కౌంటర్లో ఆయన నా వెనక్కి తొంగి చూసి "ఎవరెవరు?" అన్నాడు. నేనొక్కదాన్నే అన్నాను. తెరిచిన రిజిస్టరు మూసేశాడు. "సింగిల్ లేడీస్‌కి ఇవ్వం, పోలీసు రూలు." అట్లాంటి చట్టం ఏదీ లేదు, ఉంటే కాగితం చూపించమని కన్నడంలోనే అడిగాను. మా అనంతపురం వాళ్లకి కన్నడం ఎవరూ నేర్పక్కర్లేదు. అతను సమాధానం చెప్పకుండా టీవీ సౌండు పెంచాడు. అక్కడ ముసలిదాన్నని పొమ్మన్నారు, ఇక్కడ ఆడదాన్నని. ఒకే మధ్యాహ్నం రెండు గెంటివేతలు!

ఇక బెంగళూరు వద్దనుకున్నాను. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని మైసూరు హాస్టళ్లకి వరసగా ఫోన్లు చేశాను. మొదటి మాటే "నాకు 51, ఒక్కదాన్నే, డార్మ్ ఇస్తారా లేదా?" ఒకచోట ఓ అమ్మాయి "రండి అమ్మా, ఇక్కడికి వచ్చాకే డబ్బు ఇద్దురు" అంది. అందుకే చెబుతున్నా, నలభై దాటినవాళ్లు యాప్‌ని నమ్మి ముందు డబ్బు కట్టొద్దు. ఫోన్ చేసి వయసు చెప్పండి, సరే అంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. అక్కడికెళ్లాక కట్టే హాస్టల్ దొరికితే ఇంకా మంచిది. కూడబెట్టిన డబ్బుతో పిల్లలు గోవా పోతే అడ్వెంచర్ అంటారు, మనం పోతే ఇంట్లో గొడవైందా అని అడుగుతారు. మనకి గొడవలైతేనే కాళ్లొస్తాయా?

మైసూరు బస్సులు ఎక్కువగా మెజెస్టిక్ నుంచి కాదు, మైసూరు రోడ్డు శాటిలైట్ స్టాండు నుంచి పోతాయి. పర్పుల్ లైన్ మెట్రోలో దీపాంజలి నగర్‌లో దిగితే దగ్గర. ఎర్రబస్సులో కిటికీ సీటు దొరికింది. రాత్రికి మైసూరులో కింది మంచం, శుభ్రమైన దుప్పటి. ఆదివారం సాయంత్రం ప్యాలెస్ దీపాలు చూశాను, బాగుంది, జనం ఎక్కువ.

హాస్టల్ డబ్బు ఇంకా రాలేదు. "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని యాప్ మెసేజ్ పంపింది, పైసా పంపలేదు. ఇవాళ పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. రశీదూ, రూల్స్ పేజీ స్క్రీన్‌షాట్లూ ఇచ్చాను. స్నానం డబ్బు కూడా కలిపే అడిగాను.