పదిహేడు మీద మనసు, పదహారు మీద సంతకం
నిన్న సాయంత్రం బెంగళూరు జేసీ రోడ్డులో, కారు సామాన్ల షాపు ముందు రెండు గంటలు నిలబడ్డాను. పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాను. "స్ప్రింగులు మార్చకుండానే పడతాయి సార్" అన్నాడు షాపతను. నిజమే, పడతాయి.

ఫోన్లో లెక్కేశాను. నా కారుకి కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు; మొత్తం వ్యాసం దాదాపు 621 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 వేస్తే 616. స్పీడోమీటర్‌కి పెద్ద తేడా లేదు. కానీ టైరు పక్క గోడ 120 నుంచి 92కి పడిపోతుంది. మన మారతహళ్ళి గుంతలకి ఆ 28 మిల్లీమీటర్లే కదా దిండు!

పైగా ఆ రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి దాన్ని బిగించే తలం ఎంత బయటికుందో ఆ దూరం) 35 మిల్లీమీటర్లు, నాది 45. రిమ్ము వెడల్పు అదే అయినా చక్రం 10 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. ఖాళీ కారులో తెలీదు. వెనక ముగ్గురు, డిక్కీలో ఆవకాయ జాడీలతో నెల్లూరు నుంచి వస్తూ హంప్ ఎక్కితే టైరు ఫెండర్‌కి, అంటే చక్రం పైనుండే రేకుకి, రాసుకోవచ్చు.

"షోకు నీది, నడుం నొప్పి మాది" అంది మా ఆవిడ. పోయిన వర్షాకాలం మా బావ రిమ్ము వంగిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

చివరికి 195/55 ఆర్16, ఆఫ్‌సెట్ 45 తీసుకున్నాను. వ్యాసం దాదాపు అంతే. ఫెండర్‌లో ఖాళీ కూడా అలాగే ఉంది, చూస్తే కాస్త వెలితే. పార్కింగ్‌లో మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను.