దీపావళి పోటుకు నార్ఫోక్ పిట్టలు

ఇంగ్లండులో, నారిచ్‌లో ఉండే మా అక్క కొడుకు ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే, వంటింటి కిటికీలోంచి చూస్తే పెరటి కంచె మీద రాబిన్ పాడుతోంది. గుప్పెడంత పిట్ట, నారింజ రంగు రొమ్ము. అక్టోబరు చివరి వారం, వేళ్ళు కొంకర్లు పోయే చలి, దానికేం పట్టలేదు. చలికాలంలో రాబిన్ మగదీ ఆడదీ వేర్వేరుగా హద్దులు గీసుకుని కాపలా కాస్తూ పాడతాయి. క్రిస్మస్ కార్డుల మీద ముద్దుగా కనబడుతుంది గానీ, హద్దు దాటితే రక్తాలొచ్చేలా పొడుచుకుంటాయి. పొలంగట్ల దగ్గర మన దాయాదులే నయం.

నేను పుట్టి పెరిగింది సూళ్ళూరుపేట. పులికాట్ పిట్టల్ని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇంగ్లండు వెళ్తే లండన్ కన్నా ముందు నార్ఫోక్ చూడాలనుకున్నాను. తూర్పు తీరంలో సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుండే కౌంటీ అది, మన జిల్లా లాంటిది; నారిచ్ అందులోనే ఉంది. ఊళ్ళ పేర్లే పెద్ద చిక్కు. రాసింది ఒకటి, పలికేది ఇంకొకటి. రాతలో ‘క్లే’ అన్నట్టుండే ఊరిని చాలామంది ‘క్లై’ అంటారు. బస్సు డ్రైవరు నా ఉచ్చారణ విని రెండుసార్లు అడిగించుకుని టికెట్ ఇచ్చాడు.

క్లై చిత్తడి నేలని 1926లో సిడ్నీ లాంగ్ అనే డాక్టరు పిట్టల కోసమని కొనిపించాడు. బ్రిటన్‌లో కౌంటీ స్థాయి వన్యప్రాణి ట్రస్టులన్నిటికీ అదే మొదలు. ఒకవైపు సముద్రం, మధ్యలో గులకరాళ్ళ కట్ట, ఇవతల మంచినీటి మడుగులూ కిక్కిస పొదలూ. 2013 డిసెంబరులో సముద్రం పొంగి ఆ కట్ట దాటి లోపలికొచ్చేసింది. అడవి అంటే దానంతటదే పెరిగేదనుకుంటాం కదా, ఇక్కడ అలా కాదు. తూములు ఎత్తి దించి నీటిమట్టం సరిచేస్తారు, చలికాలంలో కిక్కిస కోస్తారు. కోయకపోతే గడ్డి మేట వేసి, విల్లో లాంటి చెట్లు మొలిచి, మడుగు గట్టిపడిపోతుంది. మన కొల్లేరులో కిక్కిస చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

దాక్కుని చూడటానికి కట్టిన చెక్క గదిలో కూర్చున్నాం. ఎవరూ మాట్లాడరు, గుళ్ళో కన్నా నిశ్శబ్దం. ఎదురుగా గరిటె ముక్కు షవలర్ బాతులు, ఈల వేసే విజియన్ బాతులు, నల్లతోక గాడ్‌విట్లు. అన్నీ నాకు పాత చుట్టాలే, పులికాట్‌కి వస్తాయి. అయితే మొహాలు ఒకటే గానీ ఇంటిపేర్లు వేరు. ఇక్కడి గాడ్‌విట్లు ఐస్‌లాండ్ నుంచి దిగినవి, మన వైపుకి వచ్చేవి ఆసియాలో పుట్టినవి. కిక్కిస మీదుగా ఒక గద్ద రెక్కలు వి ఆకారంలో పెట్టి తాపీగా తేలుతూ పోయింది, మార్ష్ హారియర్. 1971లో దేశం మొత్తమ్మీద గూడు పెట్టిన జంట ఒక్కటే మిగిలిందట. తుపాకులు కొంత, పురుగుమందులు కొంత. ఆ ఒక్క పూటలో నేనే ఆరు చూశాను.

ఇంతలో పక్కనున్న పెద్దాయన నా మోచెయ్యి తట్టి, గొప్ప రహస్యం చెబుతున్నట్టు వేలు చూపించాడు. ఏమిటా అని చూస్తే తెల్లకొంగ. మన వరి మళ్ళలో ఎవరూ తలెత్తి చూడని చిన్న తెల్లకొంగ! బ్రిటన్‌లో అది మొదటిసారి గూడు పెట్టింది 1996లోనే. ఆయన కుర్రతనంలో దానికోసం ఊళ్ళకి ఊళ్ళు కారేసుకుని వెళ్ళేవారట. మా ఊళ్ళో నాగలి వెనక నడుస్తుందండీ అనబోయి మానేశాను. ఆయన ఆనందం ఎందుకు చెడగొట్టాలి?

అసలు నేనొచ్చింది స్నెటిషం కోసం. ‘వాష్’ అనే పెద్ద అఖాతం ఒడ్డున ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు వస్తుందని మా తీరంలో పిల్లలకి కూడా తెలుసు. ఆ పోటు బురదమేటల్ని పూర్తిగా ముంచేసినప్పుడు అక్కడ మేసే పిట్టలన్నీ ఒక్కసారి లేస్తాయి. దీపావళి ఆదివారం వచ్చింది, మంగళవారం పొద్దున్న ఏడు దాటాక పోటు. చీకట్లోనే బయల్దేరాలని నా గడియారం చూసి మేనల్లుణ్ణి లేపాను. వాడు నిద్రకళ్ళతోనే కారు తీశాడు. కారులో గడియారం కూడా అదే టైము చూపించింది.

తీరా చేరాక తెలిసింది, ఆదివారంనాడే దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పింది. చలికాలానికి గంట వెనక్కీ, ఎండాకాలానికి గంట ముందుకీ తిప్పుకోవడం ఇక్కడి పద్ధతి. తిప్పనిది మేమిద్దరమే. గంటసేపు గాలికి గజగజ వణుకుతూ కూర్చున్నాం. వాడు పాపం ఏమీ అనలేదు. “ఫ్లాస్కులో టీ ఉందా మామయ్యా?” అని మాత్రం అడిగాడు. లేదు.

తూర్పు కాస్త తెల్లబడే వేళకి నీటి వైపు నుంచి గోల మొదలైంది, తిరునాళ్ళ జనం దూరం నుంచి వస్తున్నట్టు. గులాబీ కాళ్ళ గూస్ బాతులు. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ నుంచి వచ్చి రాత్రి బురదమేటల మీద పడుకుని, తెల్లారగానే పొలాల మీదికి పోతాయి. నిండు వెన్నెల ఉంటే రాత్రే మేతకి పోతాయట, అమావాస్య పక్కన రావడం మా అదృష్టం. బార్లు బార్లుగా నెత్తి మీదుగా వెళ్తూనే ఉన్నాయి. లెక్కపెట్టడం రెండొందల దగ్గర మానేశాను.

తర్వాత నీరు పాకింది. చిన్నపిల్లాడి నడకంత నెమ్మదిగా, కానీ ఆగకుండా. నాట్లు అనే బూడిదరంగు ఉల్లంకి జాతి పిట్టలు వేలకొద్దీ నీటి అంచునే అడుగులేస్తూ ఒడ్డు వైపు జరిగాయి. దూరానికి నేలే కదులుతున్నట్టుంది. నిలబడే చోటు అయిపోయేసరికి లేచాయి. పొగలా పైకి పోయి, ఒకసారి నల్లగా, తిరగగానే వెండిలా, మళ్ళీ నల్లగా. మా తలల మీదుగా దాటినప్పుడు అరుపు లేదు, ఉత్త రెక్కల చప్పుడు, కొబ్బరితోటలో వానొచ్చినట్టు. అవి వెళ్ళి వాలింది వెనకున్న గుంటల ఒడ్డున. ఒకప్పుడు గులకరాయి తవ్వుకుపోతే మిగిలిన గుంటలవి. ఆ ఒడ్డు మీద కాలు పెట్టే సందు లేదు, భుజం భుజం ఆనించి నిలబడ్డాయి.

తిరుగుదారిలో, దుంపలు తవ్వేసిన షుగర్ బీట్ చేలో ఇందాకటి గూస్ బాతులు. ఆకులూ, విరిగిన దుంప ముక్కలూ ఏరుకుంటున్నాయి. మేనల్లుడు కారు పక్కకి ఆపాడు. మొలకెత్తిన గోధుమ చేల మీద పడితే తరిమే రైతే, ఈ చేలో వీటిని చూసీ చూడనట్టు ఊరుకుంటాడట.

కారు గడియారం ఇంకా గంట ముందే నడుస్తోంది. దిద్దరాదురా అన్నాను.

“మార్చిలో దానంతటదే సరిపోతుందిలే మామయ్యా,” అన్నాడు.