ఏడింటికి మేడెక్కితేనే ఆనపకాయ

బెంగుళూరులో మేడ మీద పాదులు పెంచేవాళ్ళు ఎవరు కలిసినా అడిగేది ఒకటే, తీగ బ్రహ్మాండంగా పాకింది, పూలు బోలెడు, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతున్నాయి, ఏ ఎరువెయ్యాలి అని. ఎరువు కాదండీ బాబూ, సాయంత్రం ఏడింటికి మీరెక్కడున్నారో అది చెప్పండి ముందు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఉంటే కాయ రాదు.

ఆనప, బీర, పొట్ల మూడూ సాయంత్రం విచ్చుకునే పూలే. ఆనప తెల్లపువ్వుకైతే పుప్పొడి మొయ్యడానికి రాత్రి తిరిగే రెక్కల పురుగులే దిక్కు, మనం పొద్దున్న కాఫీ గ్లాసుతో వెళ్ళేసరికి అది వాడి వేలాడుతుంటుంది. మా ఊళ్ళో పాక మీదకి ఎక్కించిన ఆనపపాదుకి ఎవరూ ఏమీ చెయ్యరు, చుట్టూ చెట్లూ చేమలూ, పురుగులకి కొదవా? ఇక్కడ మారతహళ్ళిలో నాలుగో అంతస్తు మీద సింటెక్స్ ట్యాంకులూ డిష్ యాంటెన్నాలూ తప్ప ఏముంది, పుప్పొడి అందకే పిందె రాలిపోతుంది, అందుకని ఆ పని మనమే చెయ్యాలి. ఆ సాయంత్రమే విచ్చిన మగపువ్వు తుంపి, రేకులు ఒలిచేసి, వెనక బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లిగా రాయడమే, ఫోన్ టార్చ్ చాలు. బెంగుళూరు వాన కూడా సరిగ్గా అదే టైముకి దిగుతుంది కాబట్టి రాసేశాక ఆడపువ్వు మీద చిన్న పేపర్ కప్పు బోర్లిస్తా, తడిస్తే పుప్పొడి పాడైపోతుంది. కాకర ఒక్కటే పొద్దున్నే పూస్తుంది, దాని సంగతి తేనెటీగలు చూసుకుంటాయి, నేను జోలికి పోను.

మొదట్లో అన్నీ మగపూలే వస్తాయి, అది మామూలే. ఆనపకి ఆడపూలు ఎక్కువగా పక్కకొమ్మలకే పూస్తాయి కాబట్టి తీగ పందిరి అందుకోగానే చివర గిల్లేస్తే మంచిది. పచ్చగా ఉంది కదా అని యూరియా తగిలిస్తే మాత్రం ఆకులే కూరొండుకోవాలి.

పందిరికి సర్వి కర్రలూ నైలాన్ వలా సరిపోతాయి కానీ జూన్ జూలై గాలికి ఆకులు కమ్మిన పందిరి తెరచాపలా ఊగుతుంది, నాలుగు మూలలా గట్టిగా కట్టుకోండి.

ఇంక అసలు శత్రువు పండు ఈగ. పిందె తొక్క కింద గుడ్లు పెట్టేస్తుంది, పైన చిన్న జిగురుబొట్టు కనిపిస్తుంది, తర్వాత కాయ వంకర తిరిగి లోపల కుళ్ళిపోతుంది. క్యూలూర్ ట్రాప్ అని వాసనతో ఈగల్ని రప్పించే ఎరబుట్ట కడతారు గానీ దానికి మగ ఈగలే పడతాయి, గుడ్లు పెట్టేది ఆడది కదా, అందుకని పిందె నిలిచిందని తెలియగానే పేపర్ సంచి తొడిగెయ్యడమే నాకు నమ్మకం. పుచ్చి రాలిన కాయల్ని కుండీలోనే వదిలెయ్యకండి, లోపలి పురుగు మట్టిలోకి దిగి ప్యూపా (గూటి దశ) అయి మళ్ళీ ఈగై పైకొస్తుంది.

విత్తనం అంటే మనకి దగ్గర్లోనే హెసరఘట్టలో ఐఐహెచ్ఆర్, అదే కూరగాయలూ పళ్ళ మీద పనిచేసే ఉద్యాన పరిశోధన సంస్థ, ఉంది, వాళ్ళ అర్కా బహార్ ఆనప కిలో తూగే తిన్నని కాయ, ఇద్దరుండే ఇంటికి అదే చాలు, ఊరి ఆనపకాయంత కాస్తే ఫ్రిజ్‌లో ఎక్కడ పెడతాం. బీరకి వాళ్ళదే అర్కా సుమీత్ ఉంది. బీరని రెండ్రోజులు మర్చిపోయినా పీచే, లేతగా కోస్తే మందు కొట్టని పొట్టుతో చేసిన పచ్చడి ముందు కూర దిగదుడుపే. అన్నట్టు ఆనపకాయ ఎప్పుడైనా చేదుగా అనిపిస్తే మొహమాటపడకుండా పారెయ్యండి, ఆ చేదు విషం, జ్యూస్ చేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

ఈ సీజన్‌కి పొట్ల కూడా పెట్టా. మా ఓనర్ ఆంటీ, పుట్టి పెరిగిందంతా ఇక్కడే, సగం కన్నడ కలిపి తెలుగు మాట్లాడుతుంది, పడవలకాయికి కొసకి రాయి కట్టమ్మా, లేకపోతే మెలికలు తిరిగిపోతుంది అని మెట్ల మీద కనబడ్డప్పుడల్లా చెప్తోంది. నేను కట్టను. పెరుగుపచ్చడికి ఎలాగూ తరిగేదే కదా, వంకరగా ఉంటే ఏంటి.