మహిమగల కత్తి రాసేవాళ్లకు: మన మూస ఉక్కు నుంచి మొదలుపెట్టండి

ఫాంటసీ నవలల్లో కథానాయకుడి చేతికి దివ్యఖడ్గం దొరికిన పేజీ నుంచే చాలా కథలు చప్పబడతాయి. ఆ కత్తికి ఏం చేతకాదో రచయిత ముందే తేల్చుకోకపోవడమే దీనికి కారణం. అందుకే మహిమల కన్నా ముందు హద్దు రాసుకోవాలి. ఉత్తరకాండలో శివుడు రావణుడికి చంద్రహాసం అనే ఖడ్గం ఇస్తూనే, దీన్ని అవమానిస్తే తిరిగి నా దగ్గరికే వచ్చేస్తుందని చెప్తాడు. ఆ ఒక్క షరతుతో కత్తికి కళ్లొచ్చాయి. పట్టుకున్నవాడి నడతను అది కనిపెట్టి ఉంటుంది.

ఇక పుట్టుక. ఆకాశం నుంచి ఊడిపడ్డ కత్తి కన్నా కొలిమిలో పుట్టిన కత్తిని పాఠకుడు తొందరగా నమ్ముతాడు. అందుకు మన దిక్కువాళ్లు ఎక్కడికో పోవాల్సిన పని లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు ఆ ఊరిదాకా వచ్చేవాళ్లు. దక్కనులో మూస ఉక్కు తీసే పద్ధతి స్థూలంగా ఇది: ఇనుమునూ, దానికి కర్బనం ఎక్కించే సరుకునూ మట్టి మూసలో, అంటే లోహం కరిగించే చిన్న కుండలో, పెట్టి మూతి మెత్తేస్తారు. తిత్తులు ఆపకుండా ఊదుతూ గంటల తరబడి కాలుస్తారు. తర్వాత మెల్లగా చల్లారనిస్తారు. ఉక్కు ముద్దలో కర్బనం సుమారు 1.5 శాతం. అంత కర్బనం ఉన్న ముద్దను తెల్లగా మండేదాకా కాల్చి సుత్తి వేస్తే పొడిపొడిగా పగిలిపోతుంది. ఎర్రటి వేడి దాటనీయకుండా, ఓపికగా, దెబ్బ మీద దెబ్బగా సాగదీయాలి. నునుపు చేసిన అలుగు (కత్తి రేకు) మీద పులుపు ద్రవం పూస్తే, అప్పటిదాకా కనపడని చారలు చెరువు నీటి అలల్లాగా పైకి తేలతాయి.

మీ మహిమ ఆ చారల్లో ఉండాలి. మంత్రం చదవగానే నీలం మెరుపులు రావడం పాఠకుడు వంద సార్లు చూశాడు. చేతిలో ఉన్నవాడు అబద్ధమాడితే చారలు ఒక్కొక్కటే మాసిపోతాయనుకోండి. అప్పుడు యుద్ధం లేని సన్నివేశంలో కూడా కత్తికి పని ఉంటుంది.

కొలతలు తప్పితే మహిమ కూడా అబద్ధమనిపిస్తుంది. ఒంటిచేతి కత్తి బరువు 1 నుంచి 1.5 కిలోలు, అలుగు 75 నుంచి 90 సెంటీమీటర్లు. ఇరవై కిలోల కత్తి తిప్పాడని రాయకండి. వీపు మీది నిండు ఒర నుంచి అంత పొడవు కత్తి దూయడానికి చెయ్యి చాలదు, మొన లోపలే ఉండిపోతుంది. నడుముకే కట్టించండి.

మహిమకు కట్టే వెల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. రక్తం, ఆయుష్షు అందరూ రాసేస్తారు. కత్తి దూసిన ప్రతిసారీ కథానాయిక తనవాళ్లలో ఒకరి గొంతు మరిచిపోతుందని పెట్టి చూడండి. యుద్ధం గెలిచి ఇల్లు చేరిన పిల్లను తలుపు అవతల నుంచి అమ్మ "ఓ బిడ్డా, ఇంత రాత్రయిందేందే" అని పిలుస్తుంది. పిల్ల చెయ్యి పిడి మీదికి పోతుంది. ఆ ఒక్క కదలిక పది పేజీల వర్ణన కన్నా ఎక్కువ. మూడు వందల పేజీల నవలలో కత్తిని నాలుగు సార్లకు మించి దూయనీయకండి. మొదటిసారి మహిమ, రెండోసారి వెల, మూడోసారి కత్తి పనిచేయకపోవడం. నాలుగోది మీ ఇష్టం.

ఒరను చాలామంది మరిచిపోతారు. ఇంగ్లండు ఆర్థర్ రాజు గాథలో మాంత్రికుడు మెర్లిన్, కత్తి కన్నా ఒరే పది రెట్లు విలువైందని చెప్తాడు. అది ఒంటి మీద ఉంటే ఎంత గాయమైనా నెత్తురు కారదు. రాజు అక్క దాన్ని కాజేసి నీళ్లలో పడేస్తుంది. మీ కథలో కూడా కత్తినీ ఒరనూ విడదీయండి. ఒర ఎవరింట్లో ఉందో మూడో అధ్యాయంలోనే పాఠకుడికి చూపించి, కథానాయికకు మాత్రం చెప్పకండి.