అప్పును చూసి రావడానికి

హిందూపురంలో పుట్టినవాళ్లకు కన్నడ సినిమా పరాయిది కాదు. ఊరు దాటి కాస్త దూరం పోతే కర్ణాటక. మా చుట్టాల్లో సగం మంది గౌరీబిదనూరులోనో, దొడ్డబళ్లాపురంలోనో ఉంటారు. పెళ్లిళ్లలో రెండు భాషలూ కలగలిసి నడుస్తాయి. అందుకే 2021 అక్టోబర్ 29న, శుక్రవారం మధ్యాహ్నం, కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయిన వార్త వచ్చినప్పుడు మా వీధిలో ఎవరూ ఆయన్ని పక్క రాష్ట్రం హీరో అనుకోలేదు. "అప్పు పోయినాడంట" అని ఆయన ముద్దుపేరుతోనే అన్నారు, ఇంటి మనిషి గురించి చెప్పినట్టు. ఆయన వయసు 46. ఆ రోజే అన్న శివరాజ్‌కుమార్ సినిమా విడుదల. పొద్దున ఆ సినిమాకు శుభాకాంక్షలు చెప్పిన మనిషి, మధ్యాహ్నానికి గుండెపోటుతో లేకుండా పోయాడు.

అప్పటి నుంచి ఆయన సమాధి ఉన్న బెంగళూరు కంఠీరవ స్టూడియోకి వెళ్లాలని మనసులో ఉంది. మొన్న అక్టోబర్ 29న చిన్నాయనను వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆయన వయసులో ఉండగా బెంగళూరు పీణ్యాలోని ఒక లేత్ వర్క్‌షాపులో చాలా ఏళ్లు పనిచేశాడు. అప్పు నాన్న రాజ్‌కుమార్ సినిమా అంటే షిఫ్టు మార్చుకుని మరీ మొదటి ఆటకు పోయేవాడు. కొడుకుల్లో అప్పు అంటే ప్రత్యేకమైన ప్రేమ.

తెల్లవారకముందే రైలెక్కాం. గౌరీబిదనూరు దాటేసరికి పెట్టెలో అప్పు బొమ్మ ఉన్న టీషర్టులు కనిపించడం మొదలైంది. మా ఎదురు సీట్లో కూర్చున్న కుర్రాళ్లది హిందూపురం దగ్గర పల్లె. అందరూ తెలుగువాళ్లే. "మీకు అప్పు ఎట్లా తెలుసబ్బీ?" అని చిన్నాయన అడిగితే ఒకడు వెంటనే "ఇడియట్ సినిమా అప్పుదే కదన్నా" అన్నాడు. నిజమే. హీరోగా పునీత్ మొదటి సినిమా 'అప్పు'. 2002లో వచ్చిన ఆ సినిమాకు దర్శకుడు మన పూరి జగన్నాథ్. అదే ఏడాది అదే కథను ఆయన రవితేజతో తెలుగులో తీశారు. రెండింట్లోనూ హీరోయిన్ రక్షిత. ఇంకొకడు జూనియర్ ఎన్టీఆర్ పునీత్ సినిమా 'చక్రవ్యూహ'లో పాడిన పాట ఫోన్లో పెట్టాడు. యలహంక వచ్చేదాకా ఆ పాటే మోగింది, పెట్టెలో ఒక్కరూ ఆపమనలేదు.

యశ్వంతపూర్‌లో దిగి మెట్రో ఎక్కితే గొరగుంటెపాళ్య ఒక్క స్టేషన్. అక్కడి నుంచి రింగ్ రోడ్డు వెంట నందిని లేఅవుట్ వైపు నడవాలి. దారి అడగాల్సిన పని లేదు. జనం ఎటు పోతుంటే అటు పోవడమే. ఆటోల మీద, టీ కొట్ల మీద, మంగలి షాపు అద్దం మీద, అన్నిచోట్లా నవ్వుతున్న ఆ ముఖమే. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం దగ్గర పడింది కాబట్టి పసుపు ఎరుపు జెండాలు కూడా రోడ్డు పొడవునా కట్టి ఉన్నాయి.

క్యూ చాలా పొడవుంది. మాకు ముందు హొసపేట నుంచి వచ్చిన పెద్ద కుటుంబం. అవ్వ, ఇద్దరు కోడళ్లు, నలుగురైదుగురు పిల్లలు. బళ్లారి వైపు వాళ్లు కాబట్టి తెలుగు, కన్నడ రెండూ వస్తాయి. అవ్వ చేతిలో టిఫిన్ డబ్బా. ఏముంది అవ్వా అంటే, "ఒబ్బట్లు నాయనా. బిడ్డ తిండి ప్రియుడంట కదా" అంది. పునీత్‌కు భోజనమంటే ఎంత ఇష్టమో కర్ణాటకలో అందరికీ తెలుసు. వర్ధంతి రోజు కుటుంబం కూడా ఆయనకు ఇష్టమైన వంటకాలన్నీ చేసి సమాధి ముందు ఆకు వేసి వడ్డిస్తుంది. అవ్వ డబ్బాను లోపలికి పోనిస్తారో లేదో తెలియదు. పోనివ్వకపోతే క్యూలో పిల్లలకు పంచుతానంది.

క్యూలో నిలబడ్డప్పుడే చిన్నాయన 2006 సంగతి ఎత్తాడు. ఆ ఏడాది ఏప్రిల్ 12న రాజ్‌కుమార్ చనిపోయారు. మర్నాడు అంత్యక్రియలు. ఊరేగింపు ఈ స్టూడియోకే వచ్చింది. చిన్నాయన పీణ్యాలో వర్క్‌షాపు షట్టర్ దించుకుని లోపలే ఉండిపోయాడు. "బస్సు కాలతా ఉంటే పొగ కనపడతా ఉండె. రాళ్లు, లాఠీలు, కాల్పులు. కడసారి చూద్దామని పోయిన మా తోటి పనోడు తల పగలగొట్టుకొని వచ్చినాడు" అన్నాడు. ఆ అల్లర్లలో ఒక పోలీసుతో కలిపి ఎనిమిది మంది చనిపోయారు. అభిమానులను దేవుళ్లని పిలిచిన మనిషికి అలాంటి వీడ్కోలు జరగడం చిన్నాయనకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ రోజు ముఖం చూడలేకపోయానన్న బాధ వేరే.

పదిహేనేళ్ల తర్వాత కొడుకు పోయినప్పుడు అదే నగరం వేరేలా నిలబడింది. పార్థివదేహాన్ని కంఠీరవ స్టేడియంలో ఉంచారు. లక్షల మంది రాత్రనక పగలనక వరుసలో నిలబడి చూసి వెళ్లారు. కూతురు అమెరికా నుంచి వచ్చేదాకా ఆగి, 31వ తేదీ ఆదివారం తెల్లవారుజామున జనం పెరగకముందే ఇక్కడికి తెచ్చి, అమ్మానాన్నల పక్కన ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. అప్పటి ముఖ్యమంత్రి బొమ్మై వంగి ఆయన నుదుటిని ముద్దుపెట్టుకోవడం, మా హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ కన్నీళ్లు ఆపుకోలేకపోవడం మేం టీవీలో చూశాం. ప్రభుత్వం జాగ్రత్తపడింది, నిజమే. కానీ అంతమంది జనం తమంతట తాము ఓర్చుకోకపోతే ఏ బందోబస్తూ చాలదు. ఆ రెండు రోజులు బెంగళూరు ప్రజలు చూపించిన సంయమనాన్ని నేను మనసారా గౌరవిస్తాను.

అప్పుడు జరిగిన ఒక విషాదం కూడా చెప్పకుండా ఉండలేను. ఆ దుఃఖంలో కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు. అలా చేయొద్దని శివరాజ్‌కుమార్, రాఘవేంద్ర రాజ్‌కుమార్ చేతులెత్తి వేడుకున్నారు. తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్నలు, తమ ఏడుపు పక్కన పెట్టి ఊరికి ధైర్యం చెప్పాల్సి వచ్చింది. అభిమానం అంత దూరం పోకూడదు. అప్పును ప్రేమించినవాళ్లు ఇంకా చాలా ఏళ్లు బతికి, ఆ సినిమాలు తమ పిల్లలకు చూపించాలి.

మధ్యాహ్నానికి లోపలికి చేరాం. ముందు రాజ్‌కుమార్, పార్వతమ్మల సమాధులు, దగ్గర్లోనే అప్పుది. పూల కింద రాయి కనిపించడం లేదు. నిలబడటానికి ఇచ్చేది కొన్ని క్షణాలే. వెనకనుంచి వాలంటీర్లు "హోగి, హోగి" (పోండి, పోండి) అంటూనే ఉంటారు. ఆ కాస్త సమయంలోనే ఒకాయన బిడ్డను ఎత్తి మొక్కించాడు. కాలేజీ అమ్మాయి ఒకామె ఏడుస్తూ ఏదో చెప్పుకుంది. మా అవ్వ డబ్బాను వాలంటీరు ఒకడు తీసుకుని సమాధి అంచుకు తాకించి తిరిగి ఇచ్చాడు. ఆమె ముఖం చూడాలి! చిన్నాయన మాత్రం అప్పు దగ్గర చేతులు జోడించి, తర్వాత రాజ్‌కుమార్ సమాధి దగ్గరికి పోయి నేల మీద తల ఆనించాడు. 2006 బాకీ అది. వాలంటీర్లు కూడా ఆయన్ని కదలమనలేదు.

బయటికొచ్చాక అసలు సందడి. ఒకవైపు అన్నదానం. చిత్రాన్నం, కేసరిబాత్, మజ్జిగ. ఇంకోవైపు రక్తదాన శిబిరం. దాని పక్కన చిన్న టేబుల్, రెండు కుర్చీలు, నేత్రదానం ఫారాలు. అక్కడ కూడా వరుస ఉంది.

ఈ నేత్రదానం కథను కాస్త వివరంగా చెప్పాలి. నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది నిజానికి అదే. 1994లో బెంగళూరులోని నారాయణ నేత్రాలయలో తన పేరుతో ఐ బ్యాంకు ప్రారంభిస్తూ రాజ్‌కుమార్, తనతోపాటు తన కుటుంబం మొత్తం కళ్లు దానం చేస్తుందని మాట ఇచ్చారు. 2006లో ఆయన కళ్లు, 2017లో పార్వతమ్మ కళ్లు ఇచ్చారు. 2021లో పునీత్ పోయిన కొద్ది గంటల్లోనే, ఆ దిగ్భ్రాంతిలో కూడా కుటుంబం మాట తప్పలేదు. మామూలుగా రెండు కళ్లు ఇద్దరికి చూపునిస్తాయి. డాక్టర్ భుజంగ శెట్టి నేతృత్వంలోని వైద్యులు ఒక్కో కార్నియాను, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొరను, రెండు పొరలుగా విడదీశారు. కార్నియా పైపొర దెబ్బతిన్న ఇద్దరికి ముందు పొర, లోపలి పొర పాడైన ఇద్దరికి వెనక పొర అమర్చారు. అలా నలుగురు యువతీయువకులకు చూపు వచ్చింది. ఆ వార్త చూశాక కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు ఇచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగిపోయారు.

తెలుగువాడిగా నాకు ఇక్కడ ఒళ్లు పులకరించే విషయం ఒకటుంది. రాజ్‌కుమార్ హీరోగా మొదటి సినిమా 1954లో వచ్చిన 'బేడర కన్నప్ప'. మన శ్రీకాళహస్తి కథ. శివలింగం కంట రక్తం కారుతుంటే తన కన్ను పెకలించి ఇచ్చి, రెండో కంటికి గుర్తుగా కాలు ఆనించిన బోయవాడి కథ. అదే తెలుగులో 'కాళహస్తి మహాత్మ్యం'. రాజ్‌కుమార్ నటించిన తెలుగు సినిమా అదొక్కటే. 1988లో 'శివ మెచ్చిద కన్నప్ప' తీస్తే శివరాజ్‌కుమార్ కన్నప్ప, చిన్నప్పటి కన్నప్పగా పునీత్, శివుడిగా రాజ్‌కుమార్. తెర మీద కళ్లిచ్చిన కన్నప్పలుగా నటించిన తండ్రీ కొడుకులు నిజంగానే కళ్లిచ్చి పోయారు. కాళహస్తిలో కన్నప్ప కొండ ఎన్నిసార్లు ఎక్కానో, ఆ కథ నాకు ఇంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు.

టేబుల్ దగ్గరున్న కుర్రవాడు కన్నడంలో ఓపిగ్గా చెబుతున్నాడు, తెలుగువాళ్లు వస్తే తెలుగులో. చనిపోయిన ఆరు గంటల్లోపు కార్నియా తీయాలి. కళ్లద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, బీపీ ఉన్నా ఫర్వాలేదు. మనిషి పోగానే రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, ఫ్యాను ఆపేసి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి. ముఖం వికారంగా మారదు. ముఖ్యమైనది ఇంకొకటి. ఫారం మీద మనం సంతకం పెడితే సరిపోదు, ఆ సమయానికి ఇంట్లోవాళ్లే ఫోన్ చేయాలి, వాళ్లే ఒప్పుకోవాలి. కాబట్టి ముందు ఇంట్లో చెప్పండి అని అందరికీ ఒత్తి చెప్పాడు.

అప్పు పేరుతో చాలా జరిగాయి. 2022 నవంబర్ 1న విధానసౌధ ముందు, వానలో, రజనీకాంత్, జూనియర్ ఎన్టీఆర్ సమక్షంలో ఆ రాష్ట్ర అత్యున్నత పురస్కారం కర్ణాటక రత్న ఇచ్చారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు తండ్రికి దక్కిన గౌరవమే అది. ఆ సభలో ఎన్టీఆర్ కన్నడంలో మాట్లాడుతుంటే మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. మైసూరు రోడ్డు నుంచి బన్నేరుఘట్ట రోడ్డు దాకా రింగ్ రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. హొసపేటలో విగ్రహం నిలిపారు. ఇవన్నీ బాగున్నాయి. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది హృదయజ్యోతి పథకం. గుండెనొప్పితో తాలూకా ఆసుపత్రికి వచ్చినవాళ్లకు వెంటనే ఈసీజీ తీసి, అవసరమైతే రక్తపు గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. గుండెపోటుతో పోయిన మనిషి పేరు మీద పల్లెటూరి గుండెలు ఆగకుండా చూస్తున్నారు. కటౌట్లకు పాలు పోసే డబ్బుతో కూడా ఇలాంటివే చేస్తే బాగుండునని నాకు ఎప్పుడూ ఉంటుంది. నందిని పాలకు పైసా తీసుకోకుండా ప్రచారం చేసిన మనిషి ఆయన. ఆ పాలు పిల్లలు తాగితేనే ఆయనకు ఇష్టం.

చిన్నాయన ఫారం నింపాడు. నేనూ నింపాను. మాది ఆంధ్ర అని చూసి ఆ కుర్రవాడు, "మీ ఊరికి దగ్గరలో ఉన్న ఐ బ్యాంకు నంబరు తెలుసుకుని గోడ మీద రాసిపెట్టుకోండి. ఇక్కడి నుంచి మనిషి వచ్చేసరికి ఆలస్యమైతే కష్టం" అన్నాడు. చిన్నాయన అక్కడే నిలబడి పిన్నమ్మకు ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి.

"నేను పోయినంక ఏడ్చేది కాసేపు ఆపి, ముందు ఫోన్ చెయ్యాల. ఆరు గంటలే టైం."

"ఏం మాటలవి? అన్నం తిన్నారా లేదా?"

"తిన్నాం లే. అప్పు కూడా ఇచ్చినాడు కదా, నేనూ రాసిచ్చినా."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత పిన్నమ్మ అడిగింది, షుగర్ ఉన్నవాళ్లవి తీసుకుంటారా అని. చిన్నాయన కుర్రవాడి వైపు చూశాడు. అతను తల ఊపాడు.

"తీసుకుంటారంట."

"అయితే నాకూ ఒకటి తెండి. మీ అక్కకూ ఒకటి."

మరో రెండు ఫారాలు తీసుకుని, రైలు టైం అవుతోందని గొరగుంటెపాళ్య మెట్రో వైపు వడివడిగా నడిచాం.