రూపాయి బిళ్ళ, కొవ్వొత్తి, మూడు చూపుడువేళ్ళు

హాస్టలు కబుర్లంటే అందరూ ఆదివారం చేపల పులుసూ, గోదారికి వరదొస్తే ఇచ్చే సెలవులూ రాస్తారు. బిళ్ళాట మాత్రం ఎవరూ ఎత్తరు. అక్షరాలు రాసిన బోర్డు మీద రూపాయి బిళ్ళ పెట్టి, దాని మీద ముగ్గురు తలో వేలూ ఆనించి, ఆత్మని పిలిచి జవాబులు అడిగే ఆట అది. ఇప్పుడు ఎత్తాల్సి రావడానికి కారణం ఒక ఆస్ట్రేలియా సినిమా. డానీ, మైకేల్ ఫిలిప్పూ అనే కవల సోదరులు తీసిన ‘టాక్ టు మీ’. 2022లో అడిలైడ్ చిత్రోత్సవంలో మొదటిసారి ఆడింది, 2023లో థియేటర్లకి వచ్చింది. ఇప్పటి పిల్లలు అది ఫోన్లలో చూసి, మీరూ ఆత్మల్ని పిలిచేవారటగా, ఎలాగండీ అని అడుగుతున్నారు.

సినిమాలో వాళ్ళ దగ్గరుండేది అక్షరాల పలక కాదు, తెగిన చెయ్యి. పైన పింగాణీలా గట్టిపడిన పూత, దాని నిండా పిచ్చిరాతలు. కొవ్వొత్తి వెలిగించి, ఆ చేతిని పట్టుకుని ‘నాతో మాట్లాడు’ అంటే ఎదురుగా చచ్చిపోయినవాళ్ళెవరో కనిపిస్తారు. ‘లోపలికి రా’ అన్న అర్థంలో రెండో మాట అనగానే ఒంట్లోకి వచ్చేస్తారు. 90 సెకన్లు దాటకుండా చెయ్యి విడిపించి, కొవ్వొత్తి ఆర్పెయ్యాలి. చుట్టూ ఉన్న మిగతా పిల్లలు వీడియో తీస్తూ పడీపడీ నవ్వుతుంటారు. ఆ చెయ్యి ఎవరిదో సినిమా తేల్చదు, పిల్లలు తలో పుకారు చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ సినిమాలో భయమంతా దయ్యాల మొహాల్లో కాదు, ఆ లెక్కలో ఉంది. 90 అని గీత గీశారంటే ఎవడో ఒకడు దాటుతాడని చూసేవాడికి తెలిసిపోతుంది. మన బిళ్ళాటా అచ్చంగా అంతే. దాన్ని నడిపింది నియమాలే. అవి తీసేస్తే బిళ్ళ అంగుళం కదలదు.

ముందు సరంజామా. గచ్చు మీద సుద్దముక్కతో రాస్తే పనికిరాదు, గరుకు నేల మీద బిళ్ళ గెంతుతుంది. క్యారమ్ బోర్డే కావాలి. పైన అర్ధచంద్రంలా ఇంగ్లీషు అక్షరాలు 26, కింద 0 నుంచి 9 అంకెలు, ఎడమన అవును, కుడిన కాదు, నడుమ గుండ్రంగా ‘ఇల్లు’. బోరిక్ పౌడరు చిటికెడు చాలు. గుప్పెడు పోస్తే బిళ్ళ ముందు పొడి గట్టులా పేరుకుని అడ్డుపడుతుంది. డెల్టాలో అసలు చిక్కు చెమ్మ. శ్రావణం మొదలు కార్తీకం దాకా పొడి ఉండలు కడుతుంది, బోర్డు ఉబ్బుతుంది, వేలి చెమటకి బిళ్ళ అంటుకుని వేలితోపాటు పైకి లేస్తుంది. అది చూసి ‘ఆత్మకి కోపమొచ్చింది’ అనేవారు. సంక్రాంతి సెలవులయ్యాక, పొడిగాలి రోజుల్లో ఏ ఆత్మయినా చకచకా మాట్లాడేది.

బిళ్ళల్లో స్టీలు రూపాయిది పైచేయి. 25 మిల్లీమీటర్ల అడ్డం, మూడు వేళ్ళకి సరిగ్గా సరిపోతుంది. ఆరు మూలల అల్యూమినియం ఇరవై పైసలు తేలికే గానీ మూల ఎక్కడో పట్టేసి ఆగిపోతుంది. స్టీలు గ్లాసు బోర్లించేవారూ ఉన్నారు, దాన్ని పైనుంచి తోస్తే ఒరిగిపోతుంది.

ఇద్దరు కూర్చుంటే అనుమానం, తోస్తోంది ఎవరో రెండో నిమిషంలో తెలిసిపోతుంది. నలుగురికి చోటు చాలదు. ముగ్గురైతే ఎవరికి వాళ్ళు మిగతా ఇద్దరినీ అనుమానిస్తారు, తనని తాను అనుమానించుకునేవాడు ఉండడు. మోచెయ్యి బల్ల మీద ఆనించకూడదు. ఆనిస్తే బిళ్ళ కదలదు, ఎందుకంటే చెయ్యి అలుపెరగదు. గాల్లో పట్టుకుంటే అయిదు నుంచి పది నిమిషాల్లో భుజం బరువెక్కి సన్నగా వణుకు పుడుతుంది. ‘ఆత్మ దూరం నుంచి రావాలి, ఓపిక పట్టండి’ అని చెప్పేది ఈ పది నిమిషాల కోసమే.

ఆ తర్వాత బిళ్ళ నిజంగానే కదులుతుంది, ఎవరూ కావాలని తోయరు. ఫ్రాన్సులో షెవ్రల్ అనే రసాయనవేత్త దారానికి కట్టిన లోలకం గురించి 1833లోనే రాశాడు: చెయ్యి కదుపుతున్న సంగతి మనిషికి తెలియదు, కళ్ళకి గంతలు కడితే ఆగిపోతుంది. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లండు శరీరశాస్త్రవేత్త ఇలా తెలియకుండా జరిగే కదలికకి ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. 1853లో శాస్త్రవేత్త ఫారడే ‘తిరిగే బల్లల’ పని పట్టాడు, అంటే చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలే తిప్పుతాయని జనం నమ్మిన బల్లలు. రెండు పలకల మధ్య గాజు కడ్డీలు పెట్టి, రబ్బరు పట్టీలతో బిగించి, పై పలక ఎటు జారుతోందో చూపే పుల్ల ఒకటి అమర్చాడు. చేతులే ముందు జారుతున్నాయని తేలింది. ఆ పుల్లని కూర్చున్నవాళ్ళకి కనబడేలా పెడితే బల్ల కదలడమే మానేసింది.

ఇప్పుడు మన నియమాలు చూడండి. ‘నొక్కకూడదు, ఊరికే తాకాలి’ అన్నారు, దాంతో ఎవడి బలం వాడికి తెలియదు. ‘ప్రశ్న పైకే అడగాలి’ అన్నారు, దాంతో ముగ్గురి బుర్రలోనూ ఒకటే జవాబు తయారవుతుంది. ‘వేలు తీస్తే ఆత్మ ఇక్కడే ఉండిపోతుంది’ అన్నారు, ఇది అన్నిటికంటే తెలివైనది. వేలు తీసి చూస్తేనే కదా ఎవరిది లేకపోతే ఆగుతుందో తెలిసేది!

ఈ అక్షరాల పలక మనది కాదు, అమెరికాలో బాల్టిమోర్ వాళ్ళు అమ్మిన ఆటవస్తువు. ఎలైజా బాండ్ పేరిట 1891 ఫిబ్రవరి 10న పేటెంటు కూడా వచ్చింది. తెలుగు మీడియం వాళ్ళమై ఉండీ మేం ఇంగ్లీషు అక్షరాలే వేశాం. గుణింతాలూ ఒత్తులూ వేస్తే బోర్డు చాలదు మరి. అందుకని బడి గుమ్మం తొక్కని రాజోలు మామ్మగారి ఆత్మ కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేది, అదీ ఎనిమిదో తరగతి స్పెల్లింగు తప్పులతో. పిలుపులో మాత్రం మర్యాద తగ్గేది కాదు. ‘వచ్చారాండీ?’, ‘ఉంటారా, వెళ్తారాండీ?’ గోదారి జిల్లాల్లో దయ్యానికైనా అండీ తప్పదు, ఆయ్.

1996 నవంబరు 6 తుపాను తర్వాత ఆట తీరు మారింది. కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా పడిపోయాయి, కరెంటు లేదు, కొవ్వొత్తులు మామూలు సామానైపోయాయి. పోయినవాళ్ళని పిలవమనేవారు. బోర్డు చుట్టూ ఉన్న ముగ్గురికీ తెలియని సంగతి ఒక్కటీ బిళ్ళ చెప్పేది కాదు. అయినా అడిగినవాళ్ళకి అది పచ్చి గాయం, సరదాకి కూడా ఆ పని చెయ్యకండి.

అసలు ప్రమాదాలు రెండు. ఒకటి, దోమతెర దగ్గర కొవ్వొత్తి. నైలాను తెర అంటుకుంటే కరిగి ఒంటి మీద కారుతుంది. రెండోది పూనకం అనుకునేది. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ముందు పెదాల చుట్టూ, వేళ్ళకొసల్లో తిమ్మిరి, తర్వాత చేతివేళ్ళు బిగుసుకుని లోపలికి ముడుచుకుంటాయి. ‘దయ్యం చేతులు మెలిపెట్టింది’ అన్నది చాలాసార్లు ఇదే. ఒకరిని చూసి పక్కవాళ్ళకీ మొదలవుతుంది. తాయెత్తు కోసం పరుగెత్తకుండా, చుట్టూ మూగినవాళ్ళని పంపేసి, కూర్చోబెట్టి, నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి ఆరు లెక్కపెట్టేదాకా వదలమనాలి. మొహానికి కాగితం సంచీ పెట్టకండి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. తెలివి తప్పినా, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆట నిజమో కాదో తేల్చుకోవాలనుకునే ఇప్పటి పిల్లలకి ఒక పద్ధతుంది. ముగ్గురి కళ్ళకీ గంతలు కట్టండి. నాలుగో మనిషి చప్పుడు చెయ్యకుండా బోర్డుని సగం చుట్టు తిప్పి, బిళ్ళని మళ్ళీ నడిమికి తెచ్చి వాళ్ళ వేళ్ళ కింద పెట్టాలి. ‘అవును’ అనాల్సిన ప్రశ్న అడగండి. బిళ్ళ ఇంతకుముందు ‘అవును’ ఉన్న వైపుకే వెళ్తుంది, ఇప్పుడక్కడ ‘కాదు’ ఉంటుంది. ఆత్మకైతే కళ్ళకి గంతలు లేవు కదా.

అయిపోయాక బోర్డుని తడిగుడ్డతో తుడవకండి. ప్లైవుడ్ ఉబ్బి మూల లేస్తుంది, క్యారమ్ జట్టు వాళ్ళు ఊరుకోరు. పొడిగుడ్డతో పౌడరంతా దులిపేసి, మిగిలిన సుద్ద గీతలని రబ్బరుతో చెరపండి.