మూడింటికి మెలకువ

పోయిన ఎండాకాలం నుంచి నాకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఫోన్ చూస్తే హోమ్ లోన్ కిస్తీ మెసేజ్ తప్ప కొత్త కష్టమేమీ ఉండదు. మహబూబ్‌నగర్‌లోనే ఈసీజీ తీయించుకున్నాను, థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి మేడమ్" అన్నారు డాక్టరు. ఎలా తగ్గించుకోవాలో చీటీ మీద రాయలేదు.

నేను దేవరకద్ర దగ్గర ఒక బడిలో లెక్కల టీచర్ని. బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అమ్మ పోయాక నాయిన మా దగ్గరే ఉంటున్నాడు. రోజు మొత్తంలో ఆయన మాట్లాడేది పది మాటలు. అందులో సగం మా వీధి కుక్కతో.

నాయిన గుంపు మేస్త్రి. పాలమూరు లేబర్ అంటే ఈ జిల్లా వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. కాంట్రాక్టర్ దగ్గర అడ్వాన్స్ తెచ్చి, ఊళ్లో ఆలుమగలకు పంచి, దీపావళి దాటగానే లారీ ఎక్కించుకుని పోయేవాడు. మా చెరువు ఎండి నెర్రెలు బారి ఉండేది, వీళ్లు పోయి ఎక్కడెక్కడివాళ్లకో కాలువలు తవ్వేవారు. అమ్మ కూడా పోయేది, నన్నూ తమ్ముణ్నీ నాయనమ్మ దగ్గర వదిలిపెట్టి. ఉగాదికి వస్తారో రారో తెలియదు. లారీ వెనక డాలా మూసేటప్పటి గొలుసు చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఆ చప్పుడు మీద కోపం కూడా అలాగే ఉంది. నాయినకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒక రాత్రి 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు మా బడి గోడ మీద రాయించింది నేనే, పిల్లల కోసమని. మొదట పేరు కూడా తప్పు చెప్పాను. అవతలి అమ్మాయి పెద్దగా సలహాలేమీ ఇవ్వలేదు. "ఈ సంగతి ఇంట్లో ఎవరెవరికి తెలుసు మేడమ్?" అని అడిగింది. లెక్కల టీచర్ని, సున్నా అని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

పొద్దున మా ఆయనకు చెబితే "నీకేం తక్కువ?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ ప్రశ్నే నన్ను మూడింటికి లేపుతోందని ఆయనకు తెలియదు, అంతే.

ఆదివారం నాయినను పిల్లలమర్రికి తీసుకుపోయాను. టౌన్ నుంచి నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు. 2017 డిసెంబరులో ఒక కొమ్మ విరిగి పడితే జనాన్ని రానివ్వడం కొన్నాళ్లు ఆపేశారు. చూస్తే లోపల చెదలు. 2018లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి, ఆస్పత్రిలో మనిషికి ఎక్కించినట్టు చెట్టుకు ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే నాయిన దిమ్మెను చేత్తో తడిమి చూసి, "పని మంచిగ చేసిండ్రు" అన్నాడు.

అక్కడే కూర్చుని నా నిద్ర సంగతి చెప్పాను. చాలాసేపు పలకలేదు.

"క్యాంపుల గూడ గట్లనే లేస్తుండ్రి" అన్నాడు చివరికి.

గుడిసెల ముందు మంట వేసుకుని కూర్చునేవారట. పిల్లలు యాదికొచ్చి ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెడితే ఎవరూ ఊరుకోబెట్టేవారు కాదట. "ఏడ్సినోడు పొద్దుగాల పనికొస్తుండె. ఏడ్వనోని మీదనే నాకు భయం. రాత్రికి రాత్రి చెప్పకుంట ఉరుకుతుండె."

పారిపోయినవాడి అడ్వాన్స్ మేస్త్రి నెత్తిన పడుతుంది మరి. ఆ భయంలో ప్రేమ ఎంతో, బాకీ ఎంతో నేను తేల్చలేను.

"అమ్మ ఏడ్చేదా?"

"మస్తు ఏడుస్తుండె."

"మా కోసమా?"

"ఇంకెవరి కోసం బిడ్డా."

నాకిప్పుడు నలభై మూడేళ్లు. ఆ ఇంట్లో ఈ మాట ఒక్కసారీ ఎవరి నోటా వినలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "మరి నువ్వు?" అన్నాను.

"నేను మేస్త్రిని గద" అన్నాడు నాయిన. చేతికర్ర తీసుకుని గేటు దిక్కు నడిచాడు.